కాలిక్రింద జాఱిపోవు బ్రేకు



నేడు నేను చెప్పబోవు విషయము చూచుటకు చిన్నది. మోటారు బండిలో డ్రైవరు కుడికాలి క్రింద నుండు బ్రేకు పెడలు, త్రొక్కిన చోట గట్టిగ నిలువక, మెల్లమెల్లగ జాఱి అడుగు రేకును తాకుటకు కారణమేమి? ఆ కారణమును కనుగొను క్రమమేది? ఇది మెకానిక్కులు తెలిసికొనవలసిన సంగతి గదా, పల్లెలోని పెద్దలకేల యని మీరడుగవచ్చును. నిజమే, మీలో పెక్కురు బండి నడుపువారు కారు. కాని పెండ్లికి ఏ జీపును మాటలాడవలెనో, జాతరకు ఏ బండిలో పోవలెనో, ఊరి పిల్లలను బడికి గొనిపోవు బండి నమ్మదగినదో కాదో నిశ్చయించువారు మీరే. ఎద్దును కొనునపుడు నోరు తెఱచి పండ్లు చూచినట్లు, బండి యెక్కుటకు ముందు దాని బ్రేకును చూచు నేర్పు మీకుండిన నూఱు ప్రాణములకు రక్షణ కలుగును. అందుకే యీ ప్రసంగము.

నేను కాజీపేటవాడను. మా యూరు రైళ్ల యూరు. నిజాము ప్రభువుల కాలమున సికిందరాబాదు నుండి బెజవాడకు వేసిన దారి మా యూరి మీదుగ పోవుచున్నది. 1929లో కాజీపేట నుండి బల్హార్షా వఱకు దారి పూర్తియగుటతో ఢిల్లీ మదరాసుల నడుమ తిన్నని మార్గమేర్పడినది. నాటినుండి మాది పెద్ద జంక్షను. కనుక మా యూరి పిల్లవానికి సైతము రైలు బ్రేకు స్వభావము కొంత తెలియును. గొలుసు లాగిన రైలు ఆగును. ఏల యాగును? ఇంజను మొదలు కడపటి పెట్టె వఱకు ఒక గొట్టము కలదు. అందులో చదరపు సెంటీమీటరునకు 5 కిలోల ఒత్తిడితో గాలి నిండియుండును. ఆ ఒత్తిడి నిలిచియున్నంతవఱకు బ్రేకులు విడిచియుండును. గొలుసు లాగినను, గొట్టము తెగినను, పెట్టెల లంకె యూడినను గాలి బయటికి పోవును. పోవుటయే తడవుగ, ప్రతి పెట్టె క్రింద వేఱుగ నిలువచేయబడిన గాలి పని కారంభించి బ్రేకులను చక్రములకు అదుమును. 1872 ప్రాంతమున అమెరికా దేశపు జార్జి వెస్టింగ్‌హౌసు కనిపెట్టిన యుపాయమిది. తెగిన గొట్టము రైలును ఆపును. భయము కలిగినచోట నిలిచిపోవుట దాని స్వభావము.

మోటారు బండి సంగతి యిందుకు తలక్రిందు. కార్లు, జీపులు, చిన్న సరకు బండ్లు, బడి పిల్లల వ్యానులలో పెక్కు, ద్రవముతో పనిచేయు బ్రేకులు గలవి. వీనిలో గొట్టము తెగిన యెడల, ఆ గొట్టముతో బంధము గల బ్రేకు పట్టదు, విడిచిపోవును. రైలులో లోపము బండిని ఆపుచుండగా, ఇందులో లోపము బండిని వదలుచున్నది. ఈ యొక్క భేదము మనసున నిలుపుకొనినచో, పెడలు జాఱుట యెంత యపాయకరమైన సూచనయో వేఱుగ చెప్పనక్కఱలేదు. పెద్ద బస్సులకు, లారీలకు గాలి బ్రేకులు కలవు. వానిలో పలు బండ్లకు గాలి పోయినప్పుడు వెనుక చక్రములను పట్టుకొను బలమైన స్ప్రింగులు గూడ అమర్చబడియుండును. నేడు నా మాట వానినిగూర్చి కాదు.

ఇక ద్రవపు బ్రేకు పనిచేయు విధము వినుడు. ఫ్రాన్సు దేశమున 1623 మొదలు 1662 వఱకు జీవించిన బ్లేజ్ పాస్కల్ అను పండితుడు ఒక సూత్రము చెప్పెను. మూసియున్న పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కిన, ఆ యొత్తిడి తగ్గక యన్ని దిక్కులకు సమానముగ వ్యాపించును. మన బ్రేకు యావత్తు ఈ వాక్యము మీద నిలిచియున్నది. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారునకు నాలుగు చక్రములకును ఇట్టి బ్రేకులు అమర్చిరి. రెండవ ప్రపంచ యుద్ధమున పుట్టిన జీపునకు గూడ నివియే.

ఒక లెక్క చూడుడు. డ్రైవరు పెడలును 20 కిలోల బలముతో త్రొక్కెననుకొందము. పెడలు ఏతాము వంటిది. దాని పొడవును బట్టి ఆ బలము అయిదింతలై 100 కిలోలగును. ఆ బలము మాస్టరు సిలిండరు అను చిన్న గొట్టములోని ముషలమును, అనగా పిస్టనును, నెట్టును. పిస్టను వైశాల్యము 4 చదరపు సెంటీమీటర్లయినచో ద్రవము మీద చదరపు సెంటీమీటరునకు 25 కిలోల ఒత్తిడి కలుగును. అదే ఒత్తిడి పైపుల గుండ పోయి, చక్రము నొద్ద 20 చదరపు సెంటీమీటర్ల పిస్టనును తాకిన, అచ్చట 500 కిలోల బలమగును. ఇరువది కిలోల కాలి బలము ఒక్క చక్రము నొద్దనే అయిదువందలైనది.

కాని యూరక వచ్చు లాభము లోకమున లేదు. ఈ లెక్కలో మాస్టరు పిస్టను 2 సెంటీమీటర్లు కదలిన, అది నెట్టు ద్రవము 8 ఘన సెంటీమీటర్లు మాత్రమే. రెండు చిన్న చెంచాలకు తక్కువ. ఆ రెండు చెంచాల ద్రవమే నాలుగు చక్రముల బ్రేకులను కదలింపవలెను. అందులో ఒక చెంచా దారి తప్పిన పెడలు సగము దూరము వ్యర్థముగ దిగును. రెండును దారి తప్పిన అడుగంటును. కావున పెడలు జాఱినప్పుడు మనము వేయవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ రెండు చెంచాల ద్రవము ఎక్కడికి పోయినది?

దానికి జవాబులు నాలుగు. బయటికి కాఱిపోవుట ఒకటి. లోపలనే వెనుకకు జాఱుట రెండవది. ద్రవములో చేరిన గాలిని గాని ఆవిరిని గాని నొక్కుటలో వ్యర్థమగుట మూడవది. చక్రము నొద్ద బ్రేకు లైనరు డ్రమ్మునకు దూరమై, ఆ సందును పూడ్చుటలోనే ఖర్చగుట నాలుగవది. రోగము నాలుగు విధములుగ నుండగా, మందు ఒక్కటే యని నమ్మిన వైద్యుడు రోగిని చంపును. నేనట్టి వైద్యము చేసితిని. ఆ కథ చెప్పుటకే యింతదూరము వచ్చితిని.

అది 1988వ సంవత్సరము. మాఘమాసమున మేడారము జాతర దగ్గఱపడుచుండెను. సమ్మక్క సారలమ్మల జాతర రెండేండ్ల కొకసారి వచ్చును గనుక, ఆ దినములలో మా ప్రాంతమున బండి యన్నది ఖాళీగ దొరకదు. నేను కాజీపేటలో ఒక చిన్న షెడ్డులో పని నేర్చుకొను కుఱ్ఱవాడను. ఒకనాటి సాయంకాలము మడికొండకు ఆవలి పల్లెనుండి ఒక ముసలి రైతు తన పాత జీపును తెచ్చెను. "బిడ్డా, బ్రేకు త్రొక్కి పట్టుకొంటే మెల్లగ లోపలికి పోతున్నది. రేపు తెల్లవారి పిల్లలతో మేడారము పోవలె" అనెను. మా ఉస్తాదు ఆ పూట దర్గాకు పోయియుండెను. షెడ్డులో పెద్దదిక్కు నేనే.

డబ్బా మూత తీసి చూచితిని. బ్రేకు ఆయిలు గుర్తు దాక నిండుగ నున్నది. ఎంతకాలమునుండి పోయలేదని యడిగితిని. "కార్తీకము నుండి చుక్క పోయలేదు, తగ్గలేదు" అని రైతు చెప్పెను. ఆ మాట ఎంత విలువైనదో నాకప్పుడు తెలియలేదు. పెడలు దిగుచున్నదనగా గాలి చేరినదని నిశ్చయించితిని. నాకు తెలిసిన మందు అదొక్కటే. ఒక పిల్లవానిని పెడలు మీద కూర్చుండబెట్టి, "అడుగు దాక త్రొక్కు, విడువు, మఱల త్రొక్కు" అనుచు నాలుగు చక్రముల నిపిళ్లు విప్పి గాలి తీసితిని. నిజమునకు గాలి బుడగ ఒక్కటియు రాలేదు. అయినను పని ముగించి, బలము కొలది ఒక్క త్రొక్కు త్రొక్కితిని. పెడలు రాయివలె గట్టిగ నిలిచెను. రైతు సంతోషించి పైకమిచ్చి పోయెను.

మఱునాటి యుదయము కాజీపేటలో రైలు పట్టాలను దాటు వంతెన ఎత్తుమీద బండ్లన్నియు బారులుతీరి నిలిచిపోయినవి. జీపు నిండ పిల్లలు, స్త్రీలు, బెల్లపు మూటలు. డ్రైవరు పెడలుమీద కాలు తేలికగ నుంచి, ముందు బండి కదలుటకై వేచియుండెను. పెడలు అతని కాలిక్రింద చప్పుడు లేకుండ జాఱిపోయెను. జీపు వెనుకకు దొర్లసాగెను. హ్యాండు బ్రేకు లాగెను. దాని తీగ ఎన్నడో తెగియున్నది. రెండవసారి త్రొక్కి బండిని ఆపగలిగెను గాని, ఆ నడుమ వెనుక నున్న తోపుడుబండిని జీపు నెట్టివేసెను. పల్లీలమ్ము వృద్ధుని కాలు చక్రమునకును వంతెన గోడకును నడుమ చిక్కి, మోకాలి క్రింది యెముక విఱిగెను.

ఉస్తాదు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆ జీపును షెడ్డునకు లాగించి, నాచేతనే మాస్టరు సిలిండరు విప్పించెను. "ఇప్పుడు చూడు, బేటా" అనెను. లోపలి రబ్బరు కప్పు అంచు ఒకవైపు చీలియుండెను. సిలిండరు గోడ పైభాగము నున్నగ నుండగా, క్రింది భాగమున తుప్పుపట్టి గుంటలు పడియుండెను. "ప్రతిదినము త్రొక్కినప్పుడు పిస్టను ఈ నున్నని భాగముననే తిరుగును. నీవు గాలి తీయుదునని అడుగు దాక త్రొక్కించితివి. కప్పు తుప్పుమీద నడచినది. ముందే అఱిగిన కప్పు నీ చేతిలో చీలినది. ఆయిలు తగ్గలేదు, బయట చుక్క లేదు, పెడలు మాత్రము జాఱుచున్నది. ఇంక అది ఎక్కడికి పోవును?"

శ్రోతలారా, ఊరి బోరింగును తలచుకొనుడు. లోపలి వాషరు అఱిగిన బోరింగు పిడి తేలికగ దిగును, నీరు మాత్రము పైకి రాదు. నీరు వాషరు పక్కనుండి జాఱి మఱల క్రిందికే పోవును. నూతిలో నీరు తగ్గదు, నేలమీద తడి యుండదు. మాస్టరు సిలిండరు కప్పు అఱిగినప్పుడు జరుగునది యిదియే. మఱి నేను బలముగ త్రొక్కినపుడు పెడలు గట్టిగ నిలుచుట కేమి కారణము? వేగముగ త్రొక్కిన, ఒత్తిడి ఒక్కసారి పెరిగి కప్పు అంచును విప్పార్చి గోడకు అదుమును, సందు మూసికొనును. తేలికగ, మెల్లగ త్రొక్కి పట్టినపుడు అంచు గోడను గట్టిగ పట్టదు. ద్రవము ప్రక్కగ జాఱును. షెడ్డులో మనము బలముగ త్రొక్కి పరీక్షింతుము. దారిలో డ్రైవరు తేలికగ త్రొక్కి నిలుపుకొనును. రోగము దాగియున్నది ఆ తేలిక త్రొక్కులోనే. నా పరీక్షయే తప్పు పరీక్ష.

ఆ దినమున ఉస్తాదు నాకు నేర్పిన క్రమమును నేటివఱకు నేను తప్పలేదు. దానినే మీకు చెప్పుచున్నాను. దీనికి పనిముట్లు వలదు, కన్నును కాలును చాలును.

మొదట, బండిని సమమైన నేలమీద నిలిపి, చక్రములకు ముందు వెనుకల రాళ్లు పెట్టుడు. బ్రేకు నమ్మరాని బండి క్రిందికి వంగువారు ఈ రాళ్లను ఎన్నడు మఱువరాదు.

రెండవది, ఆయిలు డబ్బా చూడుడు. నేటి బండ్లలో అది ప్లాస్టికుతో చేయబడి కనిష్ఠ గరిష్ఠముల గీతలు కలిగియుండును. డ్రైవరును ఒక్క ప్రశ్న యడుగుడు: "ఎన్ని దినములకొకసారి పోయుచున్నావు?" లైనర్లు, ప్యాడ్లు అఱుగుకొలది ఆయిలు నెలల మీద కొంచెము దిగుట సహజమే. కాని వారమున కొకసారి పోయుచున్నానని యతడు చెప్పిన, ఆ బండిలో ఎక్కడనో గండి పడినదన్న మాట. చెఱువు కట్టకు గండి పడగా నీరు తెచ్చి చెఱువులో పోయు రైతు లేడు గదా!

మూడవది, ఇంజను ఆపి, పెడలును నాలుగయిదు మాఱులు త్రొక్కి విడిచి, తరువాత తేలికగ త్రొక్కి, ఒక నిమిషము పట్టియుంచుడు. అటుపిమ్మట బలముగ త్రొక్కి మఱియొక నిమిషము పట్టుడు. ఈ రెండు నిమిషములలో కాలికి తెలియునది యంత్రములకు గూడ తెలియదు.

పెడలు కదలక నిలిచిన మంచిది. మెల్లగ జాఱిన ద్రవము పోవుచున్నది. జాఱుచు, ఆయిలు గూడ తగ్గుచుండిన బయటి కాఱుడు. జాఱుచు, ఆయిలు తగ్గకుండిన లోపలి కప్పు. మొదటి త్రొక్కునకు లోతుగ దిగి, రెండు మూడు త్రొక్కులకు పైకి లేచి నిలిచిన, అది సాధారణముగ లైనరు సందు పెరుగుట వలనగాని, కొంత గాలి చేరుట వలనగాని కలుగును. గాలియున్నచో పెడలు మెత్తగ, దూదిని త్రొక్కినట్లు స్ప్రింగువలె నుండును. సందు పెరిగినచో దిగుట లోతైనను నిలిచినచోట గట్టిగ నుండును. ఈ భేదము ఒక్కసారి కాలికి తెలిసిన మఱపు రాదు.

ఇంజను ఆపియున్నపుడు పెడలు త్రొక్కి పట్టి, ఇంజను ఆడించిన, పెడలు కొంచెము క్రుంగుట పలు బండ్లలో కలదు. దానికి భయపడవలదు. అది కాలికి సాయము చేయు బూస్టరు పనిచేయుచున్నదనుటకు గుర్తు. కొంచెము క్రుంగి నిలువవలెను; అడుగంటరాదు.

బయటి కాఱుడు వెదకు స్థలములు కొన్నియే. నాలుగు చక్రముల లోపలి ప్రక్కను, టైరు గోడ తడిసియున్నదేమో చూడుడు. అది చక్రములోని సిలిండరు కాఱుట. ఉక్కు పైపులు అడుగున తుప్పుపట్టిన చోట్లు, చక్రముల నొద్ద రబ్బరు హోసులు పగిలిన చోట్లు వ్రేలితో తడవి చూడవలెను. పెడలుకు పైన, మాస్టరు సిలిండరు వెనుక తడి కలదేమో చూడవలెను. బూస్టరు గల బండిలో సిలిండరు వెనుకనుండి కాఱిన ఆయిలు బూస్టరు లోపలికే పోయి బయటికి కనబడక యుండవచ్చును. ఆయిలు తగ్గుచుండి ఎక్కడను తడి లేకున్న, సిలిండరును విప్పి అచ్చట చూడవలసినదే. రాత్రి బండి క్రింద తెల్లకాగితములు పఱచి, ఉదయమున చూచుట సులభమైన యుపాయము. బ్రేకు ఆయిలు పలుచగ, లేత పసుపుగ నుండి, వ్రేళ్ల నడుమ జాఱును. నీటితో కడిగిన పోవును. రంగు వేసిన రేకు మీద పడిన రంగును లేపును. గేరు ఆయిలు చిక్కగ జిడ్డుగ నుండి నీటికి లొంగదు.

మఱియొక దొంగ కలడు, వాడు వేడి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. సాధారణముగ వాడు మూడవ రకపు ఆయిలు క్రొత్తదిగా నున్నప్పుడు 205 డిగ్రీల వేడికిగాని మరుగదు. తేమ పీల్చిన పిదప 140 డిగ్రీలకే మరుగవచ్చును. నాలుగవ రకమునకు ఈ లెక్కలు 230, 155. ఘాటుదారి దిగువకు పెడలుమీద కాలు తీయకుండ దిగిన, చక్రముల వేడికి ఆయిలు మరిగి ఆవిరియగును. ఆవిరి నొక్కిన నలుగును, బ్రేకును నెట్టదు. పెడలు అడుగంటును. కొంతసేపు ఆగి చల్లబడిన తరువాత మఱల బాగుగ నుండును; షెడ్డునకు తెచ్చునప్పటికి రోగమే కనబడదు. దిగువలో చిన్న గేరు వేసి ఇంజను బలముతో బండిని పట్టుట, రెండేండ్ల కొకసారి ఆయిలు మార్చుట దీనికి మందులు. ఆ తేమయే మాస్టరు సిలిండరు గోడను తుప్పుపట్టించి నా కథలోని గుంటలను చేసినది.

ఆయిలు విషయమున మఱియొక హెచ్చరిక. తొలినాటి బ్రేకు ద్రవములలో ఆముదము కలిసియుండెడిది. ఆ మాట విని ఇంటిలోని ఆముదమును, కిరసనాయిలును, ఇంజను ఆయిలును డబ్బాలో పోసినవారిని నేనెఱుగుదును. నేటి బండ్ల రబ్బరు కప్పులు ఖనిజపు నూనె తాకిన ఉబ్బి పాడగును. ఒక్క గిద్దెడు తప్పు నూనె పోసినను, ఆ దారిలోని రబ్బరు అంతయు మార్చవలసి వచ్చును. డబ్బా మూతమీద వ్రాసిన రకమునే, మూత తీయని క్రొత్త సీసానుండియే పోయవలెను.

నేటి బండ్లలో మాస్టరు సిలిండరు రెండు గదులుగ నున్నది. ఒక గదికి సంబంధించిన పైపు తెగినను రెండవది కొన్ని చక్రములను పట్టును. అప్పుడు పెడలు చాల లోతుగ దిగి అడుగునకు ముందు నిలుచును, ఎదుట ఎఱ్ఱ దీపము వెలుగును. సగము బ్రేకు మిగిలినది గదా యని ప్రయాణము సాగించువారు కలరు. ఒక కంటితో చూచువాడు ఆ కంటిని గూడ ముల్లున కొడ్డినట్లే! పాత జీపులకు ఆ రెండవ గది గూడ లేదు. ట్రాక్టరు సంగతి వేఱు. వానిలో అనేకములకు ఎడమ కుడి చక్రములకు వేఱువేఱు పెడళ్లుండి, కడ్డీలతో పనిచేయును. రోడ్డెక్కునపుడు ఆ రెండింటిని కలుపు కొక్కెము వేయబడినదో లేదో చూచుటయే అందులో ముఖ్యము.

రోగము తెలిసిన పిదప మందు కష్టము కాదు. కాఱుచున్నచోట ఆ సిలిండరుగాని పైపుగాని హోసుగాని మార్చవలెను. లోపలి కప్పు పోయినచో, గోడ నున్నగనుండిన కప్పుల కిట్టు వేయవచ్చును. గుంటలు పడినచో సిలిండరే మార్చవలెను, లేకున్న క్రొత్త కప్పు గూడ ఆ గుంటలకే బలి. సందు పెరిగిన లైనర్లను సరిచేయవలెను. ఈ పనులన్నిటికి చివర గాలి తీయవలెను, గాని మొదట కాదు. పాతబండికి గాలి తీయునప్పుడు పెడలు క్రింద ఒక చెక్క పెట్టి, అడుగు దాక పోకుండ ఆపుట మంచిది. క్రొత్త ప్యాడ్లు వేసినప్పుడు మొదటి త్రొక్కు అడుగంటును. అందుచేత షెడ్డులోనే పలుమాఱులు త్రొక్కి పెడలు పైకి వచ్చిన తరువాతనే బండిని కదలింపవలెను.

దారిలో పెడలు అడుగంటినచో చేయవలసినది గూడ వినుడు, మీ యిండ్లలో నడుపువారికి చెప్పుడు. ఆక్సిలరేటరు విడిచి, పెడలును వేగముగ పలుమాఱులు త్రొక్కవలెను. పెక్కుసారులు కొంత ఒత్తిడి తిరిగి కలుగును. గేరును ఒక్కొక్కటిగ తగ్గింపవలెను. హ్యాండు బ్రేకును ఒక్కసారి గుంజక క్రమక్రమముగ లాగవలెను. హారను మ్రోగించుచు, దీపములు వెలిగించుచు, ఎదురెక్కు దారికో మెత్తని మట్టి ప్రక్కకో బండిని త్రిప్పవలెను. బండి కదలుచుండగా ఇంజనును ఆపరాదు. ఆపిన స్టీరింగు బిగిసికొనవచ్చును. ఆగిన తరువాత మఱల కదలించరాదు. పెడలు పైకి వచ్చినది గదా, ఊరి దాక పోయెదమనుట చావునకు సుంకము కట్టుటయే.

ఆ పల్లీల తాత మూడు నెలలు మంచమున నుండెను. ఉస్తాదు మందుల ఖర్చు పెట్టుకొని, నా జీతమునుండి ఒక్క రూకయు తీయలేదు. అది నాకు శిక్షకంటె ఎక్కువైనది. తరువాత తాత కఱ్ఱ పట్టుకొని మఱల బండి పెట్టుకొనెను. నేను కొనబోయినప్పుడు ఎన్నడు పైకము తక్కువ తీసికొనలేదు, ఎక్కువయు తీసికొనలేదు. ఒకనాడు మాత్రము, "బిడ్డా, ఆ జీపాయన చెప్పిన మాట నీవు విన్నవా?" అనెను. విన్నాను, కాని ఆలోచింపలేదంటిని. "విని ఆలోచింపకపోతె వినకపోయినట్టె" అని పల్లీల పొట్లము నా చేతిలో పెట్టెను.

పెద్దలారా, మీకు నేను చెప్పదలచినదిదియే. బండి తన రోగమును ముందే చెప్పును. కార్తీకము నుండి చుక్క తగ్గలేదని ఆ రైతు చెప్పిన వాక్యములోనే రోగమును మందును రెండు నున్నవి. తగ్గిన ఆయిలు ఒక మాట చెప్పును, తగ్గని ఆయిలు ఇంకొక మాట చెప్పును. ఈసారి జాతరకు గాని పెండ్లికి గాని బండి మీ వాకిట నిలిచినప్పుడు, పిల్లలను ఎక్కించుటకు ముందు డ్రైవరును పిలిచి, "నాయనా, ఒక నిమిషము తేలికగ త్రొక్కి పట్టు, చూతము" అనుడు. పెడలు జాఱినచో ఆ బండిని పంపివేయుడు. ముహూర్తము ఒక గడియ తప్పిన లోపము లేదు. మీరట్లు ప్రతి బండినడుగుట ఊరి యాచారమైన యెడల, డ్రైవర్లు మీ యూరికి వచ్చుటకు ముందే బ్రేకు చూచుకొందురు.